అంతర్జాల చిరునామాలూ, అసైన్డు పట్టాలూ

2011 మార్చిలో, దివాలా తీసిన కెనడా కంపెనీ నార్టెల్ ఆస్తుల జాబితాలోనుండి ఒక విచిత్రమైన సరుకు అమ్మకానికి వచ్చినది. అది భవనము గాదు, యంత్రము గాదు, భూమి అంతకన్నా గాదు. 6,66,624 అంకెలు. మైక్రోసాఫ్టువారు వాటిని 75 లక్షల డాలర్లకు కొన్నారు. అంకె ఒక్కింటికి 11 డాలర్ల 25 సెంట్లు పడినది.

అంకెలను అమ్ముటయా అని ముక్కున వేలు వేసుకొనవలసిన పనిలేదు. మనం వ్రాసుకొనే ఈ పుటలకు పేర్లున్నవి గదా. ఆ పేరు మనుష్యుల సౌకర్యం కోసం. యంత్రానికి యంత్రం ఉత్తరం వ్రాసుకొనవలెనంటే కావలసినది అంకె. దానినే ఐపీ చిరునామా అంటున్నారు. పేర్లు ఎన్నయినా పుట్టించవచ్చును. పాతకాలపు అంకెలు మాత్రం లెక్కకు ఇన్ని అని ఉన్నవి, అవి చెల్లిపోయినవి. చెల్లిపోయిన వస్తువును ఒక సంస్థనుండి మరొక సంస్థకు బదలాయించుటకు నియమాలు ఎట్లుండవలెననేదే నేడు నేను చెప్పదలచిన సంగతి.

తెలుగు పండితునికి ఈ గొడవ ఎందుకని బ్లాగ్మిత్రులు కొందరు నవ్వవచ్చును. అయ్యా, ఈ వ్యవహారంలో ఉన్నవి రెండే శాస్త్రాలు. ఒకటి ప్రస్తారం, రెండవది పట్టా కాగితం. మొదటిదాని కోసం తెలుగు పండితుడు, రెండవదాని కోసం పల్నాటివాడు ఇంకొకరి గుమ్మం ఎక్కనక్కరలేదు.

ముందు ప్రస్తారం చూతము. పద్యపాదంలో ప్రతి అక్షరమూ గురువో లఘువో అయి తీరవలెను, మూడవది లేదు. కనుక ఒక అక్షరానికి రెండు రూపాలు, రెండక్షరాలకు నాలుగు, మూడింటికి ఎనిమిది. ఈ ఎనిమిదే మన య, మ, త, ర, జ, భ, న, స గణాలు. ఇట్లు రెట్టించుకొంటూ పోతే ఇరువది అక్షరాల కృతిచ్ఛందంలో 10,48,576 వృత్తాలు పుట్టును. ఉత్పలమాల అందులో 3,55,799వది. ఉక్త మొదలు ఉత్కృతి వరకు ఇరువదియారు ఛందస్సుల వృత్తాలనూ కూడితే 13,42,17,726. మా పల్నాటి కామేపల్లిలో నివసించి అప్పకవీయము చెప్పిన కాకునూరి అప్పకవికి ఈ లెక్కలు కరతలామలకాలు. వృత్తం రూపాన్నిబట్టి దాని సంఖ్య కనుగొనుట ఉద్దిష్టం, సంఖ్యనుబట్టి రూపం కనుగొనుట నష్టం. యంత్రాలు చేసేదీ ఈ నష్టోద్దిష్టాలే. గురువుకు బదులు సున్న, లఘువుకు బదులు ఒకటి అనుకొన్నచో చాలును.

ఐపీ నాలుగవ కూర్పు చిరునామా అనగా ముప్పదిరెండు అక్షరాల పాదం. ఛందస్సులో ఇరువదియారు దాటినవి ఉద్ధురమాలలు గదా, ఇదీ ఆ కోవలోనిది. దీని ప్రస్తారం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. అంతకు మించి ఒక్కటైనా లేదు. చిరునామాలను విడివిడిగా గాక గుంపులుగా పంచుతారు. మొదటి ఇరువదినాలుగు అక్షరాలనూ స్థిరం చేసి చివరి ఎనిమిదింటినీ నీ ఇష్టమని వదిలితే 256 చిరునామాల గుంపు. ఇరువదిరెండు స్థిరం చేసి పదింటిని వదిలితే 1,024. ఎనిమిదే స్థిరం చేసి ఇరువదినాలుగింటిని వదిలితే 1,67,77,216. ఈ చివరి అంకెను కొంచెం గుర్తుంచుకొనవలెను.

ఎందుకనగా, అంతర్జాలం పసితనంలో ఈ 1 కోటి 67 లక్షల గుంపులను అడిగినవారికి అడిగినట్లు, రొక్కం లేకుండా ఇచ్చివేసినారు. ఫోర్డు మోటారు కంపెనీకి ఒకటి, ఆపిల్‌కు ఒకటి, మసాచుసెట్సులోని ఎం.ఐ.టి.కి ఒకటి. ఇచ్చినవారిలో దురుద్దేశం ఏమీ లేదు. ఆనాడు ఈ లెక్కల పుస్తకాన్ని నిర్వహించిన జాన్ పోస్టెల్ నిజాయితీపరుడని అందరూ ఒప్పుకొంటారు. 1998లో మరణించేవరకు ఆయనే ప్రపంచానికంతటికీ కరణం. ఊరంతా బంజరుగా ఉన్నప్పుడు కరణం పదెకరాలకూ వందెకరాలకూ తేడా చూడడు. మన దేశంలో సామాన్యునికి అంతర్జాలం అందినది 1995 ఆగస్టు 15న, వీ.ఎస్.ఎన్.ఎల్. ద్వారా. అప్పటికే పందిట్లో పెద్ద పెద్ద విస్తళ్ళు వేసి ఉన్నవి. ఈనాడు దేశం మొత్తానికి ఉన్నవి సుమారు నాలుగు కోట్లు. నూటికి మూడు తలలకు ఒక్కొక్కటి చొప్పున అన్నమాట. ఒక్క మోటారు కంపెనీకి ఒకనాడు ఇచ్చినదానికి ఇది రెండున్నర రెట్లు.

కేంద్ర భాండాగారంలోని చివరి ఐదు పెద్ద గుంపులను 2011 ఫిబ్రవరి 3న ప్రపంచంలోని ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలకు ఒక్కొక్కటిగా పంచి, తలుపు వేసినారు. మన ఆసియా పసిఫిక్ ప్రాంతపు రిజిస్ట్రీ పేరు ఏపీనిక్, నివాసం ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్. అక్కడ 2011 ఏప్రిల్ 15 నాటికి మిగిలినది ఆ చివరి గుంపు ఒక్కటే. 103తో మొదలయ్యే చిరునామాలన్నీ దానిలోనివే. ఇక ఎంత పెద్ద సంస్థ అడిగినా, ఎంత చిన్న సంస్థ అడిగినా ఆ గుంపునుండి 1,024కు మించి ఇచ్చేది లేదని నియమం పెట్టినారు. 2019లో దానిని 512కు తగ్గించినారు. మన దేశానికి నిక్సీ సంస్థ ఆధ్వర్యంలో ఇరిన్ అనే జాతీయ రిజిస్ట్రీ 2012లో ఏర్పడినది. అయినను నియమాల మూలం ఏపీనిక్ సభలలోనే తయారగుచున్నది. ఆ సభలు ఏటా రెండుమార్లు జరుగును. ఎవరైనా ప్రతిపాదన పెట్టవచ్చును, ఎవరైనా కాదనవచ్చును. ఓట్ల లెక్క కాదు, ఏకాభిప్రాయం కావలెను. పంపకం కుదరక గురజాల, మాచర్ల రెండు రాజ్యాలైన సీమవాడను గనుక ఏకాభిప్రాయమనే మాట వినగానే నాకు కొంత భయము, కొంత గౌరవమూ కలుగును.

బదలాయింపు విషయం ఈ సభలకు తీవ్రంగా వచ్చినది మన దేశంలోనే. 2007 సెప్టెంబరులో కొత్త ఢిల్లీలో జరిగిన సమావేశంలో, చిరునామాలను సంస్థలు పరస్పరం బదలాయించుకొనుటకు అనుమతించవలెననే ప్రతిపాదన చర్చకు వచ్చినది. అంతవరకు ఒక కంపెనీ మరొక కంపెనీలో కలిసిపోతేనే అంకెలు చేతులు మారేవి. హైదరాబాదువారికి తెలిసిన ఉదాహరణ చెప్పవలెనంటే బీమ్ టెలికాం పోయి ఆక్ట్‌లో కలిసినట్లు. ఇంటి ఆడపిల్లతో సారె వెళ్ళినట్లు అటువంటప్పుడు వ్యాపారంతోపాటు అంకెలూ వెళ్ళును, దానిని ఎవరూ తప్పుపట్టరు. సారె ఒక్కటే విడిగా సంతలో అమ్ముతామంటేనే చిక్కు. ప్రతిపాదించినవారి వాదం సూటిగా ఉన్నది: మీరు ఒప్పుకొన్నా ఒప్పుకొనకున్నా కరువు వచ్చినప్పుడు అమ్మకాలు జరిగి తీరును, ఒప్పుకొననిచో పుస్తకంలోకి ఎక్కకుండా జరుగును, అప్పుడు పుస్తకమే అబద్ధమగును. ఈ వాదం నెగ్గి అమలులోకి వచ్చుటకు 2010 ఫిబ్రవరి పట్టినది. ఆ తరువాత మరొక మెలిక చేర్చినారు. పుచ్చుకొనేవాడు వాటిని రానున్న రెండేళ్ళలో ఎట్లు వినియోగించునో లెక్క చూపవలెను. కొని దాచుకొని ధర పెరిగినాక అమ్ముకొనే బేరగాండ్రను అడ్డుకొనుటకు పెట్టిన కంచె అది.

ఆ కంచెలోనూ సందు దొరికినది. చివరి గుంపులోని 1,024 కొత్తగా వచ్చే చిన్న సంస్థలకోసం ఉద్దేశించినవి గదా. కొందరు వాటిని సంపాదించుటా, కొద్దికాలానికే ఇతరులకు బదలాయించుటా మొదలుపెట్టినారు. అందుచేత 2017లో ఇంకొక నియమం వచ్చినది. ఆ ఏడు సెప్టెంబరు 14 తరువాత 103 గుంపునుండి పొందిన చిరునామాలను ఐదేళ్ళవరకు బదలాయించరాదు.

దీనిని చదివినప్పుడు పల్నాటివానికి ఏమి గుర్తుకు వచ్చును? 1977 నాటి తొమ్మిదవ నంబరు చట్టం. ఆంధ్రప్రదేశ్ అసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టం. భూమిలేని పేదకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని వాడు అనుభవించవచ్చును, వాని బిడ్డలు అనుభవించవచ్చును, అమ్మరాదు. అమ్మినను చెల్లదు. రిజిస్ట్రారు అటువంటి దస్తావేజును తీసుకొనరాదు. ఉద్దేశం ఎంత మంచిదో చెప్పనక్కరలేదు. మరి జరిగినది ఏమి?

మన జిల్లాలో ఏ ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నా జవాబు దొరకును. అమ్మకాలు ఆగలేదు. తెల్లకాగితం మీదికి వెళ్ళినవి, అంతే. పెళ్ళో జబ్బో అప్పో వచ్చినప్పుడు పట్టాదారు భూమిని సగానికి సగం ధరకు సాదా బైనామా మీద వదులుకొన్నాడు. కొన్నవాడు పేరు మార్చుకొనలేడు గనుక తక్కువ ధరే ఇచ్చినాడు. అడంగలులో ఒకని పేరు, పొలంలో ఒకని నాగలి. రాజధాని గ్రామాలలో అసైన్డు భూములు చేతులు మారిన వ్యవహారం న్యాయస్థానాలదాకా వెళ్ళినది. 2023లో చట్టాన్ని సవరించి, పట్టా పుచ్చుకొని ఇరువదియేళ్ళు నిండిన సాగుభూమిని అమ్ముకొనే హక్కు అసలు పట్టాదారుకూ వాని వారసులకూ ఇచ్చినారు. 2024లో ప్రభుత్వం మారినాక, అట్లు నిషేధపు జాబితానుండి తప్పించిన భూముల మీద పరిశీలన మొదలై, వాటి రిజిస్ట్రేషన్లు నిలిచిపోయినవి. ఎవరి తప్పు ఎంత అనేది రాజకీయుల మాట. నాకు కావలసిన సంగతి ఇది: నిషేధం పేదవానిని కాపాడలేదు, వాని సరుకు ధరను మాత్రం తగ్గించినది; పుస్తకాన్ని పాడుచేసినది; నిషేధం ఎత్తివేసిననాడు లాభపడేది పట్టాదారా, వానివెనుక ఉన్న తెల్లకాగితమా అని తేల్చుకొనుటకు నమ్మదగిన లెక్క మిగులలేదు.

అందుచేత అంకెల బదలాయింపును పూర్తిగా నిషేధించవలెననే సాధువాదాన్ని నేను ఒప్పుకొనను. ఐదేళ్ళ గడువు మాత్రం నాకు సమ్మతమే. అది నిషేధం కాదు, నీవు నిజంగా సేద్యం చేసేవాడవేనా అని చూచుట. ఐదేళ్ళపాటు నిజంగా జనానికి అంతర్జాలం అందించిన కేబుల్ ఆపరేటరు ఆ తరువాత అంకెలను అమ్ముకొని మరొక వృత్తిలోకి వెళ్ళితే వానిని దొంగ అనరాదు. బోర్డు మాత్రమే ఉండి వ్యాపారం లేని కంపెనీకి ఐదేళ్ళు కాచుకొని కూర్చొనుటే పెద్ద శిక్ష.

కాని గడువొక్కటే చాలదు. నా అసలు ఫిర్యాదు వేరే ఉన్నది.

మా మాచవరం వంటి ఊళ్ళకు తీగ లాగినవారు పెద్ద కంపెనీలు గారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు వెలగపూడిలో రాష్ట్ర ఫైబర్‌నెట్టును ప్రారంభించినప్పుడుగూడ, నెలకు 149 రూపాయల ఆ పథకాన్ని ఇంటిగుమ్మం దాకా చేర్చే భారం స్థానిక కేబుల్ ఆపరేటర్ల భుజాల మీదనే పడినది. నేను వారిని తక్కువచేసి మాట్లాడను. వర్షంలో స్తంభమెక్కి తీగ అతికినది వారే. అయితే చిన్న ఆపరేటరు అయినా, వాని పైనున్న సంస్థ అయినా, రిజిస్ట్రీవద్ద చిరునామాలు అడుగునప్పుడు ఏమని అడుగును? నాకింతమంది ఖాతాదారులున్నారు, వారికొరకు ఇన్ని కావలెను అని. అనగా మా తలలు లెక్కపెట్టి చూపి, మా పేరు చెప్పి తెచ్చుకొన్న అంకెలు అవి. చౌకదుకాణం డీలరు మన కార్డుల లెక్క చూపి బస్తాలు తెచ్చుకొన్నట్లు. తరువాత అతడు వాటిని అమ్మదలచినప్పుడు, కొనేవానిని రిజిస్ట్రీ అడుగును: నీకు అవసరమున్నదా? అమ్మేవానిని అడిగేవి మూడే ప్రశ్నలు: పుస్తకంలో పేరు నీదేనా, వివాదం ఏమైనా ఉన్నదా, అమ్ముకొని మరల కొత్తవాటికై నా గుమ్మం ఎక్కుదువా? ఎవరి తలలు చూపి తెచ్చితివో ఆ తలలగతి రేపు ఏమి అని అడిగే ప్రశ్న మాత్రం లేదు.

ఏమగునో చెప్పెదను. అంకెలు తగ్గిన ఆపరేటరు మిగిలిన ఒక్కొక్క చిరునామాను పదులకొద్దీ ఇండ్లకు పంచును. దీనికి సాంకేతికమైన ఏర్పాటు ఉన్నది. అది నేరము గాదు, కరువులో అందరూ చేసేదే. 2012లో ఇందుకోసమే 100.64తో మొదలయ్యే నలుబది లక్షల పైచిలుకు అంకెలను ప్రత్యేకించినారుగూడ. ఒకే ఇంటినంబరుతో వీధి అంతా ఉత్తరాలు తెప్పించుకొన్నట్లు ఉండును. ఉత్తరాలు వచ్చునంతవరకు బాధలేదు. ఆ నంబరునుండి ఎవడో ఆకాశరామన్న ఉత్తరం వ్రాసిననాడు వీధి మొత్తం పోలీసుస్టేషనులో కూర్చొనవలెను.

నాకే ఒకమారు ఇటువంటి అనుభవం కలిగినది. ఒక జాలస్థలిలో పల్నాటి శాసనాన్ని గురించిన ఒక తప్పును దిద్దబోతే, మీ చిరునామానుండి అసభ్యమైన వ్రాతలు వచ్చినవి, నెలరోజులు మీకు ప్రవేశం లేదని పలక చూపినది. ముప్పది ఏళ్ళు పిల్లల వ్రాతలు దిద్దినవానికి ఆ మాట ఎట్లుండునో ఊహించుకొనుడు. వ్రాసినవాడు ఆ చిరునామాను నాతో పంచుకొనుచున్న ఏ కుర్రవాడో. వానిని గాని, ఆ జాలస్థలిని గాని నిందించుటకు నాకు ఆధారం లేదు. వారికి కనబడినది అంకె ఒక్కటే.

ఇది నవ్వుకొని వదిలివేయదగిన ఇబ్బంది. నవ్వుకొనలేనివి ఉన్నవి. 2007లో బెంగుళూరులో ఒక యువ సాఫ్ట్‌వేరు ఉద్యోగిని, ఛత్రపతి శివాజీని అవమానించే బొమ్మ ఒక చిరునామానుండి ఎక్కించబడినదని పోలీసులు పట్టుకొనిపోయి యాభైరోజులు పూణెలో జైలులో ఉంచినారు. తరువాత తేలినదేమనగా ఆ చిరునామా అతనిది కాదు. సేవాసంస్థ ఇచ్చిన వివరమే తప్పు. ఒక్క సంస్థ లోపలి లెక్క తప్పితేనే ఇట్లయినది. అంకెలు సంస్థనుండి సంస్థకు చేతులు మారి, పుస్తకం ఎక్కకపోతే? అందుకే బదలాయింపు నియమాలలో తక్కినవన్నీ ఒకయెత్తు, పుస్తకం ఒకయెత్తు అని నేను పట్టుపట్టుట.

కరణాల సంగతి మనకు తెలియనిది గాదు. 1984లో ఆ పదవులను రద్దుచేసిననాడు ఊళ్ళలో పండుగ చేసుకొన్నవారు ఉన్నారు, దిగులు పడినవారు ఉన్నారు. భూమి కరణంది కాదు. కాని భూమి ఎవరిదో చెప్పగలిగినవాడు వాడే గనుక భూస్వామికంటె వాడే గట్టివాడు. అంతర్జాల రిజిస్ట్రీల స్థితీ అంతే. ఆఫ్రికా రిజిస్ట్రీ ఆఫ్రినిక్ కథ వినుడు. అక్కడ పుస్తకంలోనే చేతివాటం జరిగి సుమారు 41 లక్షల చిరునామాలు పక్కదారి పట్టినవని 2019లో బయటపడినది. ఆ పైన, ఒక సంస్థకు ఇచ్చిన 62 లక్షల చిరునామాలను ఆఫ్రికాకు వెలుపల కౌలుకు ఇచ్చుచున్నారని రిజిస్ట్రీ వెనుకకు తీసుకొనబోగా, ఆ సంస్థ మారిషస్ న్యాయస్థానానికి వెళ్ళినది. 2021లో రిజిస్ట్రీ బ్యాంకుఖాతాలే స్తంభించినవి. పాలకవర్గం లేక 2023లో రిసీవరు చేతికి పోయి, 2025 సెప్టెంబరులోగాని కొత్త పాలకవర్గం ఎన్నిక కాలేదు. ఒక ఖండానికంతటికీ కరణం లేని కాలం అది. నియమం వ్రాసేటప్పుడు, అంకె ఎక్కడ వాడవలెను, ఎవరికోసం వాడవలెను అన్నది స్పష్టంగా వ్రాయనందుకు చెల్లించిన మూల్యమది.

విపణివాదుల మాటగూడ వినవలెను. ధర ఉన్నందువల్లనే మూలపడి ఉన్న అంకెలు వెలుగులోకి వచ్చినవని వారందురు. నిజమే. ఎం.ఐ.టి.వారు 2017లో తమవద్ద వాడుకలేని లక్షలాది చిరునామాలను అమ్మినారు. ధర లేకపోతే వాటిని ఇచ్చేవారా? ఇవ్వరు. 2011లో పదకొండు డాలర్లున్న అంకె 2021–22 నాటికి యాభై దాటి, తరువాత దిగివచ్చినది. 2024 ఫిబ్రవరి 1 నుండి అమెజాన్‌వారు తమ సేవలలో వాడుకొనే ప్రతి చిరునామాకు గంటకు అర సెంటు వసూలు చేయుచున్నారు. ఖర్చు పడేసరికి అక్కరలేనివి వదులుకొన్నవారు ఎందరో. ధరకు ఆ శక్తి ఉన్నది, కాదనను.

అయితే అదే విపణిలో జరిగిన మరొక బేరం చూడుడు. 44తో మొదలయ్యే పెద్ద గుంపును 1981లో ప్రపంచంలోని హామ్ రేడియో అభిరుచిదారులకోసం ప్రత్యేకించినారు. హైదరాబాదులో 1983 నుండి హామ్ రేడియో జాతీయసంస్థ ఉన్నది గనుక మన పాఠకులలో కొందరైనా ఆ విద్య ఎరిగినవారే. 2019లో ఆ గుంపును చూచుకొనుచున్న అమెరికాలోని ధార్మికసంస్థ అందులో నాల్గవవంతు, అనగా నలుబది లక్షల పైచిలుకు, అమెజాన్‌కు అమ్మినది. పది కోట్ల డాలర్లకు పైబడిన సొమ్ము వచ్చినది. దానిని విద్యార్థివేతనాలకూ, పరిశోధనలకూ ఖర్చుపెట్టుచున్నారు. సొంతానికి మింగినవారెవ్వరూ లేరు. అయినను దేశదేశాల హాములలో అనేకులు కోపించినారు. ఎందుకు? తమ పేరుమీద ఉన్నది అమ్ముడుపోయిన తరువాతగాని తమకు తెలియలేదని. దేవుని మాన్యాన్ని ధర్మకర్త మంచిధరకు అమ్మి, గుడికి వెండితలుపులు చేయించినను, ఊరివారిని ఒకమాట అడుగకపోతే అది ధర్మమగునా?

కనుక నా ప్రతిపాదన ఒక్కటే, చిన్నది. చిరునామాలను ఏ ఖాతాదారుల లెక్క చూపి పొందినారో, బదలాయించునప్పుడు ఆ ఖాతాదారులకు ఇకమీదట సేవ ఎట్లు నడుచునో అమ్మేవాడు వ్రాసియివ్వవలెను. ఒక్కొక్క చిరునామామీద ఎన్ని ఇండ్లు పడునో చెప్పవలెను. కొత్త కూర్పు చిరునామాలు, అనగా ఐపీ ఆరవ కూర్పువి, వారికి అందినవో లేవో చెప్పవలెను. అది బహిరంగంగా ఉండవలెను. ఇంత వ్రాయుటకు ఒక కాగితం చాలును. ఖాతాదారులు ఎవ్వరూ లేని సంస్థకు ఇది ఏమాత్రం అడ్డుగాదు. మూలపడిన అంకెలు యథేచ్ఛగా వెళ్ళును. జనం ఆధారపడి ఉన్న అంకెలు మాత్రం జనానికి చెప్పి వెళ్ళును.

ఆరవ కూర్పు మాట వచ్చినది గనుక ఒక ఆక్షేపణకు సమాధానం. అది 128 అక్షరాల ప్రస్తారం. దాని సంఖ్యలో ముప్పదితొమ్మిది స్థానాలున్నవి. ఇక కరువేమిటి అందురు. మనదేశం అందులో వెనుకబడలేదు. 2016లో జియో రాకతో ఊపందుకొని నేడు వాడుకదారులలో మూడింట రెండువంతులకు పైగా దానిని అందుకొన్నారు. కాని ప్రపంచంలో ఇంకను దాదాపు సగం రాకపోకలు పాత అంకెల బాటనే నడుచుచున్నవి. కొత్తకాలువ తవ్వినామని పాతకాలువ చివరి రైతుకు నీరు కట్టివేయుటకు వీలులేదు. ఇది పోయేకాలపు వస్తువు అని నియమాలను నిర్లక్ష్యం చేస్తే, పోయేలోపల అది ఎవరిని ముంచిపోవునో చూడవలెను.

ఇక కౌలు. బదలాయింపుకు నియమాలు బిగిసిన కొద్దీ అమ్మకం బదులు అద్దెకు ఇచ్చుట పెరుగుచున్నది. పుస్తకంలో ఒకని పేరే ఉండును, వాడేది వేరొకడు. మన కౌలురైతు కథే ఇది. 2011లో కౌలుదారులకు గుర్తింపు కార్డుల చట్టం తెచ్చినారు, 2019లో పంటసాగుదారుల హక్కుల చట్టం తెచ్చినారు. పేరు వ్రాయిస్తే భూమి పోవునేమో అని యజమాని సంతకానికి వెనుదీయుటచేత, పంట నష్టపోయిననాడు పరిహారం సేద్యం చేయనివాని ఖాతాలో పడుచున్నది. అంకెల కౌలులో ఇది తిరగబడి, నష్టం కాక నింద తప్పుడు చిరునామాకు చేరుచున్నది. కౌలును నిషేధించమని నేననను. పైన చెప్పిన కారణాన అది తెల్లకాగితానికే దారితీయును. కౌలుదారు పేరు పుస్తకంలో ఎక్కించిననాడు యజమాని హక్కుకు భంగం లేదని రిజిస్ట్రీ ముందుగా హామీ ఇవ్వవలెను. ఆ హామీ లేనందువల్లనే మన ఊళ్ళలో కార్డులు కదలలేదు.

రిజిస్ట్రీల చిట్టా రహస్యం గాదు. మీ ఇంటి చిరునామా అంకె ఏదో తెలిసికొని ఏపీనిక్ వారి హూయిజ్ పుటలో వ్రాసి చూస్తే అది ఏ సంస్థ పేరున ఉన్నదో, ఆ నమోదు ఎప్పుడు మారినదో కనబడును. మొదట మీ యంత్రంలో 100.64 మొదలు 100.127 వరకు ఉండే అంకె కనబడినచో అది సొంత చిరునామా గాదు, పంచుకొన్నదని అర్థం. బ్లాగ్మిత్రులు తమ తమ ఊళ్ళలో చూచి, పుస్తకంలో ఉన్న పేరు, బిల్లుమీద ఉన్న పేరు ఒకటో కాదో వ్యాఖ్యలలో తెలుపగోరెదను. మాచవరంలో మా వీధివి రెండూ వేరువేరుగా ఉన్నవి.